సుగుణ పిన్ని సమాధికి వెల్ల వేసిన రోజులు

మా చిన్నప్పుడు... నవంబరు వచ్చిందంటే మహబూలాలోని మా ఇరుకు ఫ్లాట్ బాల్కనీలో అమ్మ బకెట్ నిండా తెల్లరంగు కలిపేది. మా గోదావరి వైపు అయితే సున్నమే. సమాధుల పండుగకి వీధి వీధంతా శ్మశానానికి వెళ్ళి, గడ్డి పీకి, తమవాళ్ళ సమాధులకి వెల్ల వేసి, సాయంత్రం బంతిపూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగిస్తారు. కువైట్‌లో సున్నం ఎక్కడ దొరుకుతుందో అమ్మకి తెలియదు... దొరికిన రంగే కలిపేది.

ఇక్కడ మాకున్నది ఒక్కటే సమాధి... సుగుణ పిన్నిది. సొంత పిన్ని కాదు, అమ్మ ఊరి మనిషి. సబా అల్ సలేంలో ఒక ఇంట్లో పనిచేసేది. ఆ ఇంటి మామా, అంటే యజమానురాలు, చెయ్యి చేసుకుంటుంటే తట్టుకోలేక, కట్టుబట్టలతో పారిపోయి మా దగ్గరికి వచ్చేసింది. నాకు జడలు వేస్తూ ఊళ్ళో ఉన్న తన కూతురు రూతు గురించే చెప్పేది.

ఇక్కడ ఉండనిచ్చే కాగితం, ఇఖామా, లేదు. జ్వరం ముదిరినా, ఆసుపత్రికి వెళ్తే పోలీసులకి పట్టిస్తారని భయం. అమ్మ ఎంత బతిమాలినా కదల్లేదు... చివరికి తీసుకెళ్ళేసరికి ఆలస్యమైపోయింది.

శవాన్ని ఊరికి పంపాలంటే వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, సంతకం కావాలన్నారు. పారిపోయినదానికి నేనెందుకు పెట్టాలన్నాడా మహానుభావుడు. ఇక ఖలాస్... ఇక్కడే పూడ్చాలి.

మా తెలుగు సంఘం వాళ్ళున్నారు చూశారూ... ఇక్కడ సెలవని ప్రతి శుక్రవారం చర్చి ప్రార్థనలో సహోదరీ సహోదరీ అని గొంతు చించుకునే పుణ్యాత్ములు. పూడ్చడానికి రమ్మని అమ్మ వెళ్ళి అడిగితే ఒక్కరూ కదల్లేదు. సెక్రటరీ అంకుల్ అయితే తలుపు సగమే తెరిచి, పారిపోయిన మనిషి వ్యవహారం మనకెందుకమ్మా, సంఘానికి చెడ్డపేరు అని హితబోధ చేసి పంపించాడు. లోపలి నుంచి బిర్యానీ వాసన... అప్పటి నుంచే వాళ్ళ భక్తంటే నాకు రోత.

వచ్చింది ఎవరో తెలుసా... మా పై అంతస్తులో ఉండే ఖాదరన్న. రాయచోటి ఆయన. వఫ్రా తోటల నుంచి కూరగాయలు తెచ్చే పికప్ డ్రైవర్. నాన్నా, ఆయనా కలిసి గుంతలో ఇసుక పోశారు. చేతులు దులుపుకుంటూ అమ్మని ఒక్కటే అడిగాడు... "మనిషి సచ్చిపోయినాక గూడా ఇఖామా సూస్తారా అక్కా మీ వోళ్లు?"

అమ్మ తల దించుకుంది.

ఆ తర్వాత ఏటా మేమే వెళ్ళేవాళ్ళం. గాలికి కమ్మేసిన ఇసుక తోడి, చుట్టూ ఉన్న సిమెంటు గట్టుకి రంగు వేసేవాళ్ళం. సమాధికని కలిపింది ఇంటికి తిరిగి తేకూడదని అమ్మ పట్టింపు... అందుకని మిగిలినదంతా పక్క సమాధికి వేసేది. అది ఎవరిదో మాకు తెలియదు. పేరు లేదు, వచ్చేవాళ్ళూ లేరు.

ఇన్నేళ్ళకి మా సంఘానికి హఠాత్తుగా చరిత్ర కావాల్సి వచ్చింది. వార్షికోత్సవమట... రంగురంగుల పుస్తకం వేశారు. అందులో, ఈ గడ్డ మీద కన్నుమూసిన మన సహోదరికి సంఘ పెద్దలే దగ్గరుండి ఘనంగా అంత్యక్రియలు చేశారని రాసుకున్నారు. సిగ్గూ శరం ఉండక్కర్లేదా మనుషులకి... పైగా పాలరాయి చెక్కించి, తెల్లగా కనపడ్డ రెండు సమాధుల్లో ఒకదాని మీద పాతేశారు. అమ్మనొక మాట అడిగితే వాళ్ళ సొమ్మేం పోయేది? ఆ రాయి పాతింది పక్క సమాధి మీద.

మొన్న సమాధుల పండుగకి రూతు వచ్చింది. ఆ పిల్ల కూడా ఇప్పుడు ఇక్కడే ఇంటిపనిలో ఉంది. అరబ్బీ మామా కాళ్ళావేళ్ళా పడితే ఒక్క పూట సెలవు దొరికిందట. సంఘం వాళ్ళు ఆ పిల్లని పాలరాయి ముందు మోకరిల్లబెట్టి, ఏడుస్తుంటే వీడియో తీస్తున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

అమ్మ నేరుగా సెక్రటరీ అంకుల్ దగ్గరికి వెళ్ళి, ఇది సుగుణది కాదండీ అంది. ఆయన మొహంలో కంగారేమీ లేదు. "రాయి వేయించేశాం సిస్టర్... ఫోటోలు కూడా వెళ్ళిపోయాయి. దేవుడికి తెలుసు కదా, వదిలేయండి," అన్నాడు, చల్లగా.

అమ్మ రూతు భుజం పట్టుకుని లేపింది.

"ఇక్కడ కాదే తల్లీ... మీ అమ్మ ఆ పక్కనుంది."

రూతు కాసేపు రెండు సమాధుల్నీ మార్చి మార్చి చూసింది. పెట్టిన పూలు అక్కడే వదిలేసింది... ఎవరో, పాపం, వాళ్ళకీ ఎవరూ లేరు కదా అంది. పక్కకి జరిగి, ఇసుకలో చతికిలబడింది. వీడియో తీసే అబ్బాయి కూడా వెనకే జరిగాడు. అప్పుడు తలెత్తింది.

"ఆ ఫోను ఆపండి అన్నయ్యా. నేను మా అమ్మతో మాట్లాడుకోవాలి."

అప్పట్లో మావాళ్ళు భయపడి మొహం చాటేశారు... ఇప్పుడు కెమెరాలతో ఎగబడుతున్నారు. నన్నడిగితే, ఆ రాకపోవడమే నయం.

మీవాళ్ళు కూడా ఎవరైనా ఇలా పరాయి ఇసుకలో ఉండిపోయారా... ఉంటే కింద వాళ్ళ పేరు రాయండి. ఫోటోలు వద్దు.