చెన్నకేశవులన్న కట్టిన ఈగ

నిన్న కువైట్‌లో, షువైఖ్‌లోని మా గ్యారేజీ స్టోరు సర్దుతుంటే పాత బిస్కెట్ల డబ్బా ఒకటి కిందపడి మూత ఊడింది. కలరా ఉండల వాసన గుప్పుమంది. ఆ వాసన తగిలితే చాలు, నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. డబ్బాలో చిన్న కొక్కెం, దాని చుట్టూ గోధుమరంగు కోడి ఈకలతో కట్టిన ఈగ ఉన్నాయి. అది కట్టినవాడు చెన్నకేశవులన్న. ఆ గొప్ప కొట్టేసినవాడు మా కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన యజమాని. వాడికి వంతపాడినవాణ్ని నేను.

మిష్రిఫ్‌లో కఫీల్ విల్లాలో అన్న వంటమనిషి, నేను డ్రైవరు. రాజంపేట బస్టాండు దగ్గర ఏళ్ల తరబడి పూలు కట్టి అమ్మి, ఆ తర్వాత కువైట్ చేరిన మనిషి అన్న. అరబ్బీ ముక్కల నుంచి అన్నం వార్చడం దాకా నాకు అన్నీ నేర్పింది ఆయనే. కారు కడిగానని చెబితే నమ్మేవాడు కాదు, వచ్చి చక్రాల లోపలి అంచు వేలితో రాసి చూసేవాడు. వేలు నల్లబడితే ఆ పూట నాకు చీవాట్లే.

ఆ కఫీల్‌నే మేమంతా బాబా అనేవాళ్లం. ఒక ఏడు ఆయనకు చేపల పిచ్చి పట్టింది. సముద్రంలో పడితే పరువు తక్కువ కాబోలు, ఎక్కడో బోస్నియా కొండల్లో రాళ్ల మీద దూకుతూ పారే చల్లటి ఏట్లో ట్రౌట్ చేపల్నే పట్టాలట. దానికి ఎర వానపాము కాదు, ఈకలతో కట్టిన ఈగ. అది నీళ్ల మీద తేలితే, నిజం ఈగే అనుకుని చేప ఎగిరి అందుకుంటుంది. కొక్కేలు, దారాలు, కోడిపుంజు మెడ ఈకలు పార్సిల్‌లో తెప్పించి, రెండు రోజులు కుస్తీ పట్టి, విసుగొచ్చి అన్నీ వంటింటి బల్ల మీద పారేశాడు.

అన్న చేతులు కడుక్కుని కూర్చున్నాడు. మల్లెలకు వేసే ముడే వేశాడు. పూలు కట్టేవాడికి పలచగా కట్టడం నామోషీ కదా, ఈకను నాలుగు చుట్లు ఎక్కువే చుట్టాడు. బాబా చూసి, ఇది ఈగ కాదు చీపురని నవ్వాడు. గతిలేక ఏటికి అవే పట్టుకుపోయాడు. తిరిగొచ్చాక మాత్రం నవ్వలేదు. ఆ దూకుడు నీళ్లలో తోటివాళ్ల సన్నటి ఈగలు మునిగిపోయాయట, అన్న కట్టినవి తేలాయట.

అప్పటినుంచి మధ్యాహ్నం వంట ముగిశాక ఆయన కునుకు పోయింది. ఈకలకు పురుగు పట్టకుండా వేసిన కలరా ఉండల ఘాటుకు కళ్లు నీళ్లు కారుతున్నా కడుతూనే ఉండేవాడు. మగవాళ్లు కూర్చునే గది దీవానియాలో స్నేహితులు చేరినప్పుడు బాబా ఆ ఈగల్ని అరచేతిలో పెట్టి చూపిస్తూ, ఇవి తన చేతులతో కట్టినవని చెప్పుకునేవాడు. టీ ట్రే పట్టుకుని అన్న పక్కనే ఉండేవాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. నోరు విప్పవేమని ఒకరోజు అన్నను నిలదీశాను.

"వచ్చే ఎండాకాలం నన్ను ఏటికి పిల్చుకోని పోతానని మాటిచ్చినాడు సుబ్బా. నేను కట్టింది నీళ్ల మీద తేలేది ఒక్కతూరి కండ్లారా చూడాల. పేరు వాణ్నే పెట్టుకోనీ."

ఎండాకాలం వచ్చింది. బాబా పిలిచింది నన్ను. ముసలాడు సామాన్లు మోయలేడు, యల్లా, నువ్వు బయల్దేరు అన్నాడు. అన్నను తీసుకెళ్లండి, బరువులు ఆయనవి కూడా నేనే మోస్తానని ఒక్క మాట అనొచ్చు. అనలేదు. నాకూ కొండలు చూడాలనిపించింది, సిగ్గులేని మనసు. అన్న తన స్వెట్టరు తెచ్చి నా సంచిలో పెట్టాడు.

ఏరు చూశాను. మోకాలి లోతు నీళ్లలో వల పట్టుకుని నిలబడ్డాను. అన్న ఈగ తెల్లటి నురగ మీద తేలుతూ వచ్చింది, మునగలేదు. చేప లేచి అందుకుంది. అక్కడి మనిషి ఒకడు ఆ ఈగను చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసి, ఎవరు కట్టారని అడిగాడు. బాబా తన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. నేను వలలోని చేపకేసి చూస్తూ ఉండిపోయాను.

కువైట్ చేరగానే అన్న వంటింట్లోనే పట్టుకున్నాడు. "తేలిందా?"

"తేలిందన్నా."

"ఎవురు కట్టిందని అడిగినారా?"

ఆ మొహం చూసి, అడిగారనీ, బాబా నీ పేరే చెప్పాడనీ అనేశాను. ఆయన గరిటె పక్కన పెట్టి, కొంగులా భుజాన వేలాడే తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

మరునాడు పొద్దున ఆ మహానుభావుడు ఏం చేశాడనుకున్నారు? ఉతికిన చొక్కా తొడుక్కుని, టీతో పాటు బాబా ముందు నిలబడి, నలుగురిలో తన పేరు చెప్పినందుకు షుక్రన్ అని దండం పెట్టాడు. బాబాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక పగలబడి నవ్వి, నీ పేరా, ఎవడు చెప్పాడు నీకు అన్నాడు. అన్న వెనక్కి తిరిగి, గుమ్మంలో ఉన్న నాకేసి చూశాడు.

ఆ తర్వాత ఆయన ఒక్క ముడి వేయలేదు. కళ్లు కనిపించడం లేదన్నాడు. కొన్నాళ్లకే బాబా ఖలాస్, ఇక పని చాలు, ఊరికి పొమ్మన్నాడు. విమానాశ్రయంలో నేనే దిగబెట్టాను. కారు దిగేటప్పుడు ఈ డబ్బా నా ఒళ్లో పెట్టాడు.

"నువ్వు నిజం చెప్పింటే వానొక్కని మీదే ఉండేది కోపం," అన్నాడు.

నేనూ ఆ ఇల్లు వదిలేసి గ్యారేజీలో చేరాను. ఇప్పుడు ఫోర్‌మన్‌ని. బండి బాగా చేశావని ఎవరైనా నన్ను మెచ్చుకుంటే, మా మెకానిక్ జగిత్యాల రాజన్నను బండి కింద నుంచి బయటికి పిలిచి, చేసింది ఇతనని చూపిస్తాను. మసి చేతులతో ఆయన సిగ్గుపడతాడు, పని చెడుతుందని తిడతాడు కూడా. అయినా పిలుస్తాను.

బాబా మీద కోపం చల్లారలేదు, చల్లారనివ్వను. అన్నకు ఫోన్ చేస్తే వానల గురించి, నా తిండి గురించి అడుగుతాడు. నిన్న డబ్బా దొరికిందని చెప్పాను. ఆయన మెల్లగా, "అది తేలిందన్న మాటన్నా నిజమేనా?" అని అడిగాడు.