చుట్ట ఖాళీ చేసిన చోటు

అది 2022, ఎండలు ముదురుతున్న రోజులు. శ్రీకాకుళంలో నాగావళి వంతెనకి కాస్త ఇవతల మా క్లినిక్. నేను పళ్ళ డాక్టర్ని. పుట్టింది బొబ్బిలి దగ్గర వరి పండించుకునే ఇంట్లో, స్థిరపడింది ఇక్కడ. పళ్ళ డాక్టరంటే మా వైపు జనానికి ఒకటే పని తెలుసు. కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే "పీకీ తల్లీ, పీడా పోతాది" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. పన్ను పీకడానికి నాకు పది నిమిషాలు చాలు. దాన్ని నిలబెట్టడానికే ఇన్నేళ్ళు చదివాను.

ఆ ఏడు నా దగ్గరికి వచ్చినవాళ్ళలో ఎర్రమ్మని మర్చిపోలేను. సముద్రం ఒడ్డు పల్లె. తెల్లారకుండా పడవల దగ్గర చేపలు వేలం పాడుకుని, తట్ట నెత్తికెత్తుకుని పట్నం వచ్చి వీధుల వెంట అమ్ముతుంది. "సేపలోయ్" అని ఆమె కేక వేస్తే మూడు వీధుల అవతల పిల్లులు కూడా లేచి కూర్చుంటాయి. ఆ గొంతే ఆమె దుకాణం.

ఆమె నాకు అంతకు ముందు సంవత్సరం నుంచే తెలుసు. అప్పుడు అడ్డచుట్ట తాగేది. తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. మా తీరంలో పెద్దవయసు ఆడవాళ్ళు కొందరు చుట్టని తిరగేసి, నిప్పున్న కొనని నోట్లో పెట్టుకుని తాగుతారు. సముద్రపు గాలికి నిప్పు ఆరదు, నెత్తిన తట్ట ఉన్నా చేతులకి పని ఉండదు. ఆ వేడంతా అంగిటికే తగులుతుంది. ఎర్రమ్మ అంగిట్లో తెల్లగా ఒక మచ్చ కట్టింది. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాం. దాన్ని బయాప్సీ అంటారు. "ఇంకా చెడలేదు, మానకపోతే క్యాన్సరుగా చెడుతుంది" అన్నట్టుగా వచ్చింది ఫలితం.

చేతికి అద్దమిచ్చి మచ్చ చూపించాను. చాలాసేపు చూసింది.

"మాయమ్మకీ ఇలగే ఉండేది. ఆకర్న గంజి కూడా మింగనేకపోయింది," అంది.

రొంటినున్న చుట్టలకట్ట తీసి చెత్తబుట్టలో వేసి వెళ్ళిపోయింది. మళ్ళీ ముట్టలేదు. నలభై ఏళ్ళ అలవాటు. నాకున్న ప్రతి స్నేహితురాలికీ ఆమె గురించి ఫోన్ చేసి మరీ గొప్పలు చెప్పుకున్నాను. అందుకు నాకేమీ సిగ్గు లేదు.

అలాంటి ఎర్రమ్మ ఆ వేసవిలో ఎడమ చెంప మీద చెయ్యేసుకుని వచ్చింది. వెంట ఆమె పెద్ద తోటికోడలు పోలమ్మ. పోలమ్మ ఇంకా చుట్ట మానలేదు. ఆ సంగతి ఆమె కంటే ముందు వాసన లోపలికి వచ్చి చెప్పింది.

"ఏమైంది పిన్నీ?" అన్నాను. మా వైపు పెద్దవాళ్ళని వరస పెట్టి నువ్వనే పిలుస్తాం. మీరంటే కోపం వచ్చిందా అని అడుగుతారు.

"ఏటవుతాది? పల్లు జివ్వుమంతన్నాయి. నీలు తాగనేను. ఆటోలో గాలి తగిల్తే పేనం పోతన్నాది. సేపలోయ్ అని నోరు తెరిస్తే సాలు, సూదులెట్టి గుచ్చినట్టుంతాది. నోరు తెరవనేనిదాన్ని సేపలెలగ అమ్మీది?"

నేను జవాబు చెప్పేలోపు పోలమ్మ అందుకుంది. "నానప్పుడే సెప్పినాను. సుట్ట ఏడికి పల్లు గట్టిపడతాయి, అది ఒగ్గీస్తే పల్లు వదులైపోతాయని. దీనికి డాట్రమ్మ మాటే ఏదం."

ఇదీ సంగతి. బాధ పళ్ళదే అయినా ప్రమాదం అంగిటికి వచ్చింది. వాళ్ళ పల్లెలో చుట్ట మానిన మొదటి మనిషి ఎర్రమ్మ. మానినందుకే పళ్ళు పాడయ్యాయని ఆమె నమ్మితే, మళ్ళీ నిప్పు నోట్లోకి వెళ్తుంది. ఆమెని చూసి మానుదామనుకునేవాళ్ళు కూడా ఆగిపోతారు.

నోరు తెరిపించి చూశాను. ముందు అంగిలి చూశాను. మచ్చ బాగా పలచబడింది, సంతోషం. తర్వాత పళ్ళు. పన్ను పైన ఎనామెల్ అనే గట్టి పొర ఉంటుంది. దాని కింద డెంటిన్. డెంటిన్ నిండా కంటికి ఆనని సన్న గొట్టాలు నరం దాకా వెళ్తాయి. పైపొర పోయి డెంటిన్ బయటపడితే చల్లనీళ్ళైనా, గాలైనా, పులుపైనా సూటిగా నరాన్ని తాకినట్టుంటుంది. దాన్నే సెన్సిటివిటీ అంటాం. ఎర్రమ్మకి కుడివైపు పళ్ళు చక్కగా ఉన్నాయి. ఎడమవైపు దవడ పళ్ళకి, బుగ్గకి ఆనుకునే పక్కన మాత్రం, ఎనామెల్ కరిగి పళ్ళెంలా లోపలికి పోయింది.

"దేంతో తోముతున్నావు?"

"పల్లపొడి. ఎర్రది. ఏలుతో గట్టిగా తోముతాను. సుట్ట మరకలు పోవాల కదేటి? ఇప్పుడు నవ్వితే సూడు, ఎలగున్నాయో!" అని ఆ నొప్పిలోనే నవ్వి చూపించింది.

కుడిచేతి వాటం వాళ్ళకి ఎడమవైపు పళ్ళు ఎక్కువ అరగడం మామూలే. గరుకు పొడితో అరగడాన్ని అబ్రేజన్ అంటాం. కానీ అది చిగుళ్ళ దగ్గర కత్తితో కోసినట్టు గాటు పెడుతుంది. ఇక్కడ గాటు లేదు. నున్నగా కరిగింది. అది పులుపు చేసే పని, పేరు ఎరోజన్. కడుపులో పులుపు పైకి తన్నేవాళ్ళకైతే నాలుక వైపు కరుగుతుంది. ఈమెకి బుగ్గ వైపు. అంటే పులుపు బయటినుంచి వస్తోంది.

"పులుపు ఎక్కువ తింటావా?"

"సేపల పులుసే. అది అందరూ తింతారు కదేటి. సింతకాయి ముట్టుకుని ఎన్నాల్లయిందో."

"తరవాణి?"

పులిసిన గంజి అది. ఎండాకాలం మా వైపు ఇంటింటా తాగుతారు. ఇంత పుల్లగా ఉన్నా ఎవరూ దాన్ని పులుపులో లెక్కెయ్యరు, చలవలో లెక్కేస్తారు.

"పొద్దున గలాసుడు. గటగటా తాగీసి ఎల్లిపోతాను."

గటగటా తాగితే అంత చెరుపు ఉండదు. పైగా తరవాణికి ఎడమ బుగ్గ, కుడి బుగ్గ తేడా ఏముంది?

"మందులేమైనా వాడుతున్నావా?"

"నేదమ్మా. నానేటి రోగిష్టిదాన్నా?"

పళ్ళు పులుపంటున్నాయి, మనిషి లేదంటోంది. సరే అని పళ్ళపొడి మాన్పించి, మెత్తటి బ్రష్షు, సెన్సిటివిటీకి వాడే పేస్టు ఇచ్చాను. కరిగిన చోట ఫ్లోరైడ్ వార్నిష్ పూశాను. అది పంటిపై అతుక్కుని గొట్టాలు మూసుకోవడానికి సాయపడే పూత. రెండు వారాల తర్వాత రమ్మన్నాను.

అన్నాళ్ళు ఆగలేదు. వారం దాటగానే తోటికోడళ్ళిద్దరూ దిగారు. ఎర్రమ్మ కుర్చీ ఎక్కలేదు. గుమ్మంలోనే నిలబడింది. ఆ వారం తట్టలో సగం చేపలు మిగిలిపోయాయట, కేక వెయ్యలేక.

"నీ మీద కోపం నేదు తల్లీ. నువ్వు మంచికే సెప్పినావు. గాని ఈ పల్లు పీకీ. పీకనంతావా, సుట్ట ముట్టించుకుంతాను. ఇంతే."

పోలమ్మ రొంటినున్న చుట్టలకట్ట మీద చెయ్యి పెట్టుకుని సిద్ధంగా నిలబడింది. నాకు పీకల దాకా కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. గట్టి పళ్ళు, వేర్లు కదలని పళ్ళు, అరవై దాటాక కూడా వరసగా నిలబడ్డ పళ్ళు! వాటిని నా చేత్తో పీకాలా? లేకపోతే ఆ అంగిట్లోకి మళ్ళీ నిప్పు పంపాలా?

"పీకను. చుట్టా ముట్టనివ్వను. కూర్చో!" అన్నాను గట్టిగానే.

కూర్చుంది. నేనూ ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాను. పోలమ్మ నోట్లో అప్పుడు చుట్ట లేదు గానీ, అలవాటు కొద్దీ ఆమె ఎడమ బుగ్గ అదే పనిగా ఆడుతోంది. దాన్ని చూస్తూంటే నాకు తట్టింది. నలభై ఏళ్ళు ఒక వస్తువు ఉన్న నోరు, అది తీసేస్తే ఉత్తినే ఎలా ఊరుకుంటుంది? తిన్నది అడిగాను, తాగినది అడిగాను, మందులు అడిగాను. అసలు ప్రశ్న వేరే ఉంది.

"పిన్నీ, చుట్ట ఉన్న చోట ఇప్పుడు ఏం పెట్టుకుంటున్నావు?"

ఎర్రమ్మ ముఖం విప్పారింది. "ఇదా?" అంటూ కొంగుముడి విప్పింది. నారింజ రంగు బిళ్ళల అట్ట. నమిలే విటమిన్ సి మాత్రలు. "జొరమొచ్చినప్పుడు మందులసాపులో బలానికని ఇచ్చినాడు. పుల్లగా బాగుంతాది. నోరూరతాది. సుట్ట మీదకి మనసు పోదు. తట్ట ఎత్తుకున్నానంటే ఈ ఎడం బుగ్గనొకటి ఎట్టుకుంతాను. అది కరిగితే మరొకటి."

"మందులు వాడటం లేదన్నావు కదా!"

"ఇది మందు కాదు. బిల్ల!"

"పులుపు తినటం లేదన్నావు!"

"తింతన్నానేటి? బుగ్గనెట్టుకుంతన్నాను!"

ఆమె చెప్పిన దాంట్లో ఒక్క అబద్ధం లేదు. నాకు నవ్వాగలేదు. పక్కగదిలో మా సుజాత, పరికరాలు కడిగే అమ్మాయి, అక్కడినుంచే నవ్వింది. వాళ్ళిద్దరూ మాత్రం నన్ను వింతగా చూశారు.

విటమిన్ సి ఆమ్లం. మింగేస్తే పళ్ళకి ఇబ్బంది లేదు. బుగ్గన పెట్టుకుని చప్పరిస్తే మాత్రం ఆ పులుపు గంటల తరబడి అక్కడే నానుతుంది. ఎనామెల్ మెత్తబడుతుంది. ఆ మెత్తబడ్డ దాని మీద ఈమె ఇల్లు చేరగానే ఎర్రపొడితో గట్టిగా తోమేది. అది చెప్పాను గానీ, పోలమ్మ ముఖంలో నమ్మకం కనపడలేదు. "బలం బిల్ల పల్లనేటి సేస్తాది?" అంది.

"మీ ఒడ్డున గవ్వలకీ గుల్లలకీ కరువా? నిగనిగలాడే గుల్ల ఒకటి తెచ్చుకో. ఈ బిళ్ళలు నాలుగు నలిపి కాసిన్ని నీళ్ళలో కలిపి, అందులో ఓ పక్క మునిగేలా పెట్టు. రెండు పూటలాగి చూడు. పన్ను గుల్ల కాదనుకో, పన్ను ఇంకా గట్టిది. కానీ పులుపు రెండిటినీ తినేస్తుంది," అన్నాను.

ఎర్రమ్మకి చెయ్యవలసినవి చెప్పాను. బిళ్ళ మానాలి. బలం కావాలంటే మింగే మాత్ర ఉంది, అదీ అవసరమైతేనే. తరవాణి తాగాక నోట్లో మంచినీళ్ళు పోసుకుని పుక్కిలించాలి, తాగిన గంట దాకా పళ్ళు తోమకూడదు. ఈలోపు నోట్లో ఊరే ఉమ్మే ఎనామెల్‌ని మళ్ళీ కాస్త గట్టిపరుస్తుంది. పడుకోబోయే ముందు పేస్టు కొంచెం వేలితో నొప్పి చోట రాసి, కడగకుండా వదిలెయ్యాలి. బాగా గుంటపడ్డ రెండు పళ్ళకి అదే రోజు పంటి రంగు ఫిల్లింగు చేశాను.

"అంతా బాగున్నాది. మరి బుగ్గన?" అంది ఎర్రమ్మ.

సరైన ప్రశ్నే. బుగ్గ ఖాళీగా ఉంటే అక్కడికి చుట్టే వస్తుంది. పులుపుండకూడదు, తీపీ ఉండకూడదు, ఎక్కువసేపు నిలవాలి, నోరూరాలి. నేను సోంపు అన్నాను. "గాలికి ఎగిరిపోతాది" అంది. చివరికి ఆమే అంది, "ఎండుకొబ్బరి ముక్కైతేటి?" మా జిల్లాలో కొబ్బరికి లోటా! చాలా బాగుంటుందన్నాను.

నెల తిరక్కుండా ఒక పొద్దున మా వీధిలో కేక వినపడింది. "సేపలోయ్, పచ్చిసేపలోయ్!" ఆ దీర్ఘం వంతెన అవతలికి వెళ్ళి ఉంటుంది. కుర్చీలో ఉన్న పేషెంటుని అలాగే ఉంచి కిటికీ దగ్గరికి పరుగెత్తాను. ఎర్రమ్మ నెత్తిన తట్టతో, నోరంతా తెరిచి అరుస్తోంది. నన్ను చూసి కుడిచేత్తో బుగ్గ మీద తట్టి చూపించింది. కొబ్బరి ముక్క ఉబ్బెత్తుగా కనపడుతోంది. ఆ పూట నేను నేల మీద నడవలేదు.

ఆ గుల్ల సంగతి తర్వాత తెలిసింది. మునిగిన పక్క నిగారింపు పోయి సుద్దలా తయారైందట. ఎర్రమ్మ దాన్ని వీధి అరుగు మీద పెట్టి, వచ్చేపోయే ఆడవాళ్ళందరికీ చూపించిందట. నా ఉపన్యాసాలు ఆ ఊళ్ళో ఎవరూ వినలేదు గానీ, గుల్ల మాట మాత్రం అందరూ విన్నారు. పళ్ళు పాడుచేసింది చుట్ట మానడం కాదని అప్పటికి తేలిపోయింది.

ఆరోజు నుంచి నా కుర్చీలో కూర్చున్న ఎవరినైనా, ఏం తింటున్నావు, ఏం తాగుతున్నావు అన్న తర్వాత ఇంకొకటి అడుగుతాను. నోట్లో ఏం పెట్టుకుంటున్నావు? నిమ్మరసం సీసా చప్పరిస్తూ జిమ్ముకి వెళ్ళే కుర్రాళ్ళు, దగ్గుబిళ్ళ దాచుకునే మాస్టార్లు, ఎంతమంది దొరికారో. దేన్నైనా మాన్పిస్తే, ఖాళీ అయిన చోట ఏం పెట్టాలో కూడా నేనే చూడాలని ఎర్రమ్మ నేర్పింది.

మరుసటి ఏడు చలికాలంలో పోలమ్మ ఒక్కతే వచ్చింది. తోడు లేదు, చెంప మీద చెయ్యీ లేదు. కుర్చీ ఎక్కి కూర్చుని, రొంటినుంచి చుట్టలకట్ట తీసి నా పరికరాల ట్రేలో పెట్టింది. అద్దం ఇమ్మని చెయ్యి చాపింది. అంగిలి చూసుకుంది. అప్పుడు నా వైపు తిరిగింది.

"ఇదిగో డాట్రమ్మా, సుట్ట తీసీసినాను. ముందు ఇది సెప్పు. ఆ సోట ఏటెట్టుకోవాల?"

నేను అడగాల్సిన ప్రశ్న ఆమే అడిగింది. సొరుగు లాగాను. ఎర్రమ్మ తెచ్చి ఇచ్చే ఎండుకొబ్బరి అందులో ఎప్పుడూ ఉంటుంది.