పన్నెండు మంది నర్సులు

మా ఊళ్ళో ఎవరింటికైనా వెళ్తే, కాఫీ ఇస్తామనగానే "అబ్బే, ఇప్పుడే తాగి వచ్చామండీ" అనాలి. వాళ్ళు రెండోసారి అడగాలి, మూడోసారి గ్లాసు చేతిలో పెట్టాలి. అప్పుడు మనం తాగాలి. ఈ పద్ధతి వల్ల తెనాలిలో నేనెన్నడూ పస్తున్నది లేదు. జర్మనీలో నేను చదివిన డెగ్గెన్‌డార్ఫ్‌లో మాత్రం దీంతో ఏకంగా ఒక దేశానికే నష్టం తెచ్చాను.

మాస్టర్స్ రెండో సెమిస్టర్‌లో మాకో క్లాసు ఉండేది. రెండు ద్వీపదేశాల ప్రతినిధులుగా కూర్చుని, రెండు రోజుల్లో ఒప్పందం కుదుర్చుకోవాలి. ఒకవైపు శ్రీలంక, మరోవైపు మాల్దీవులు. శ్రీలంక తరఫున ఒక జర్మన్ అమ్మాయి. బవేరియా పల్లెటూరి రైతు బిడ్డ, మాటలో గానీ చూపులో గానీ వంకర లేని మనిషి. మాల్దీవుల తరఫున నేనూ, నిజంగానే మాల్దీవుల నుంచి వచ్చిన నా స్నేహితురాలూ. తను నెమ్మదస్తురాలు, నేను వాగుడుకాయని. అందుకని మాట్లాడే పని నాకప్పగించింది.

మొదలుపెట్టే ముందు ఒక్కటే అడిగింది. "కూరగాయలు, చేపలు, వీసాలు, ఏవైనా వదులుకో. నర్సుల విషయం మాత్రం వదలకు."

వాళ్ళమ్మకు షుగరు. కాలి మీద పుండు మానడం లేదు. వాళ్ళుండే చిన్న దీవిలో నర్సు లేదు కాబట్టి, కట్టు మార్పించుకోవాలంటే ఆవిడ పడవెక్కి పక్క దీవికి వెళ్ళాలి. సముద్రం బాగాలేని రోజున ఆ కట్టు అలాగే ఉండిపోతుంది. మేము ఆడేది క్లాసులో ఆట అని నా స్నేహితురాలికి తెలియక కాదు. కాగితం మీదైనా ఆ నర్సు రావాలని తన కోరిక.

చర్చ బాగానే సాగింది. మా ఎండుచేపలు కొలంబోకి, వాళ్ళ కూరగాయలు మా రాజధాని మాలెకి, చకచకా తేల్చేశాం. నర్సుల అంశం రాగానే జర్మన్ అమ్మాయి, నేను అడక్కముందే, "చిన్న దీవులకు ఏటా ఇరవై మందిని పంపుతాం" అంది. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. ఆ సంతోషంలోనే, అలవాటుగా నోరు జారింది.

"అయ్యో, అంతమంది ఎందుకండీ, మీకు ఇబ్బంది."

"సరే" అని ఆమె ఆ వాక్యం కొట్టేసి తర్వాతి అంశానికి వెళ్ళిపోయింది.

రెండోసారి అడుగుతుందని ఎదురుచూస్తూ కూర్చున్నాను. గంట గడిచింది. అడగలేదు. పక్కన నా స్నేహితురాలు నా వైపు చూడటమే మానేసింది.

సాయంత్రం ఇదంతా చెప్తే, అన్నం వండుతున్న మా కరీంనగర్ రూమ్మేటు గరిటె పట్టుకునే నా మీదికి వచ్చాడు.

"అరేయ్, నీకేమన్న దిమాగ్ ఉన్నదారా? ఈళ్ళు ఒక్కసారే అడుగుతరు. వద్దంటే వద్దే అనుకుంటరు."

"మర్యాదకి అన్నాన్రా బాబూ."

"నీ మర్యాద పాడుగాను! రేపు పొయ్యి, తప్పయింది, మాకు కావాలె అని మొఖం మీదనే అడుగు."

అడగడమా! నాకిది కావాలి అని ఎవరినీ సూటిగా అడిగిన పాపాన పోలేదు నేను. ఇంట్లో రెండో దోసె కూడా అమ్మ అడిగాకే తిన్నవాణ్ణి. అయినా మర్నాడు ఉదయం క్లాసులో అందరి ముందూ లేచి నిలబడ్డాను. చెవులు వేడెక్కాయి.

"నిన్న వద్దన్నాను. అది మర్యాద కోసం అన్న మాట. మాకు నర్సులు కావాలి."

"వద్దంటే కావాలని నాకెలా తెలుస్తుంది?" అంది జర్మన్ అమ్మాయి. వెక్కిరింపు కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

"తెలియదు. తప్పు నాదే."

కొట్టేసిన అంశాన్ని మళ్ళీ ఎత్తాలంటే బదులుగా ఏదైనా ఇవ్వాలని నియమం. మా చేపలు ముందుగా వాళ్ళకే అమ్ముతామన్నాం. ఆమె కాసేపు ఆలోచించి "పన్నెండు మంది" అంది. నేను నోరు తెరిచేలోపే నా స్నేహితురాలు "ఒప్పుకున్నాం!" అని అరిచినంత పని చేసింది. నా మీద నమ్మకం అలా ఉంది మరి.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో తను వాళ్ళమ్మకు ఫోన్ చేసింది. వాళ్ళ భాషలో ఏదో గబగబా చెప్పి, నవ్వి, ఉన్నట్టుండి ఆగిపోయింది.

"ఆ పన్నెండు మందిలో మా దీవికి ఒకరొస్తారా అని అడుగుతోంది" అంది నాతో.

"ఇది ఆట అని ఆవిడకు తెలుసా?"

"తెలుసు. అయినా అడుగుతోంది."

నా వల్ల పోయిన ఎనిమిది మందీ ఒక్కసారిగా కళ్ళ ముందు నిలబడ్డారు. "మొదటి నర్సు మీ దీవికేనని చెప్పు" అన్నాను. చెప్పింది. అవతల ఆవిడ గొంతు కాసేపు వినిపించింది.

"ఏమంటోంది?"

"వచ్చే అమ్మాయికి మా ఇంట్లో గది ఉందిట. ఊరు కొత్త కదా, మా ఇంట్లోనే ఉండమని చెప్పమంటోంది."

తప్పకుండా అక్కడే ఉంటుందని చెప్పమన్నాను.