ఎల్లమ్మ కట్టిన ఎమ్మెస్సీ ఫీజు

కూతురికి బందరు యూనివర్సిటీలో ఎమ్మెస్సీ సీటు వచ్చిన కబురు ఎల్లమ్మకి సోమవారం పొద్దున్న తెలిసింది. ఆ వేళకి ఆమె అవనిగడ్డ మార్కెట్లో కత్తిపీట ముందు కూర్చుని సావిడాయి చేపలు ముక్కలు కోస్తోంది. చేతులు రెండూ నెత్తురుమయం. పక్కన నిమ్మకాయలమ్మే ఆవిడ ఫోను ఎత్తి ఆమె చెవి దగ్గర పెట్టింది.

"అమ్మా, వచ్చిందే! కెమిస్ట్రీ!"

"ఎంత?" అంది ఎల్లమ్మ.

 అటునుంచి మాధవి నెమ్మదిగా చెప్పింది. తక్కువ ఫీజు సీట్లు పై ర్యాంకుల వాళ్ళకి అయిపోయాయి. ఇది సొంతంగా కట్టుకునే సీటు. ఏడాదికి ముప్ఫై రెండు వేలు. గురువారం సాయంత్రం ఐదు గంటల్లోగా పడాలి. లేకపోతే వెనకాల ఉన్నవాళ్ళకి ఇచ్చేస్తారు.

"ఏంటొదినా, ఏదన్నా సంబంధమా?" అంది నిమ్మకాయలావిడ, ఫోను తీస్తూ.

"సంబంధమైతే ఆలోచించుకోడానికి ఓ నెలన్నా ఇస్తారు. వీళ్ళు మూడు రోజులిచ్చారు" అంది ఎల్లమ్మ, మళ్ళీ కత్తిపీట మీదకి వంగుతూ.

ఎల్లమ్మకి నలభై ఏడేళ్ళు. చూస్తే యాభై అయిదంటారు. పాలకాయతిప్ప దగ్గర సముద్రాన్ని ఆనుకుని ఉన్న పల్లె వాళ్ళది. మొగుడు పచ్చకామెర్లతో పోయి ఏడేళ్ళయింది. అంతకు ముందూ, ఆ తరవాతా రోజూ నాలుగింటికి లేవడం, ఒడ్డుకి వెళ్ళడం, గంపలు ఎత్తుకుని ఆటోలో కోడూరు, అక్కడినుంచి అవనిగడ్డ. మధ్యాహ్నం రెండింటికి ఇంటికొచ్చి, మిగిలిన చేపకి ఉప్పు రాసి ఎండబెట్టడం. మోకాళ్ళు అరిగిపోయాయని డాక్టరు ఫొటో తీసి మరీ చూపించాడు. "అరిగాయని నాకు తెలీదా బాబూ, దానికి ఎనిమిది వందలా?" అని అక్కడే అడిగేసి వచ్చింది.

ఆమెకి ఉన్న ఒకే ఒక్క ఆస్తి మొగుడి వల. వాళ్ళ పల్లెలో పడవ తిరిగొచ్చాక చేపని వాటాలు వేస్తారు. పడవకొక వాటా, ఇంజనుకొక వాటా, వేటకెళ్ళిన ప్రతి మనిషికీ ఒక వాటా, పడవలో ఎక్కిన ప్రతి వలకీ ఒక వాటా. వల తాలూకు మనిషి బతికున్నాడా లేడా అని ఎవరూ చూడరు. వల నీళ్ళలో దిగిందంటే దాని వాటా దానిదే. ఎల్లమ్మ వల బావగారు పెద్దిరాజు పడవ మీద ఉండేది. ఏడేళ్ళుగా మాధవి పుస్తకాలూ, గుడివాడలో డిగ్రీ చదివినన్నాళ్ళూ హాస్టలు ఖర్చూ ఆ వాటాలోంచే వచ్చాయి. మిగతా బేరగత్తెలు డబ్బు పెట్టి వేలం పాటలో కొనుక్కోవాల్సిన చేప ఎల్లమ్మకి కొంతైనా ఊరికే వచ్చేది.

ఇంట్లో చీటీ పాడిన డబ్బు పంతొమ్మిది వేలుంది. ఆ సాయంత్రం ఎల్లమ్మ పెద్దిరాజు ఇంటికి వెళ్ళింది. ఆయన అరుగు మీద కూర్చుని తెగిన వల కుట్టుకుంటున్నాడు.

"బావగారూ, అమావాస్యకి రావాల్సిన నా వాటా ఇప్పుడే ఇప్పించండి. ఆ పైది కూడా."

"అమావాస్యకి కదా లెక్క తెగేది? ఇవాళ ఎవడైనా తెంపుతాడా?"

"ఆ యూనివర్సిటీ వాళ్ళకి అమావాస్యా పున్నమీ ఉన్నట్టు లేవండి. గురువారం అన్నారు."

పెద్దిరాజు దారం పళ్ళతో తెంపాడు. "డిగ్రీ అయిందన్నావు. మళ్ళీ ఇదేంటి?"

"ఇది దాని పైది."

"దీని పైన ఇంకోటుందా?"

"ఉందంటండి. ఇప్పుడే చెప్తే మీరు ఇది కూడా ఇవ్వరని చెప్పలేదు."

ఆయన నవ్వాడో, దగ్గాడో. లోపలికి వెళ్ళి పద్నాలుగు వేలు తెచ్చి చేతిలో పెట్టాడు. "నాలుగు నెలల వాటా ఇది. ఈ నాలుగు నెలలూ నన్ను అడక్కు" అన్నాడు. మొత్తం ముప్ఫై మూడు వేలయింది. ఫీజు పోను ఇంకా వెయ్యి మిగులుతుంది. ఆ రాత్రి మాధవి ముద్దపప్పు చేస్తే, ఎండుచేప కూడా అడక్కుండా తిని పడుకుంది ఎల్లమ్మ.

అక్కడితో అయిపోవాల్సిన కథ. అవకపోవడానికి కారణం గుడివాడలో ఉంది.

మాధవి చదివిన ప్రైవేటు డిగ్రీ కాలేజీ వాళ్ళు టీసీ ఇవ్వలేదు. ఆఖరు ఏడాది ఫీజు కింద ప్రభుత్వం నుంచి రావాల్సిన డబ్బు ఇంకా తమకి పడలేదని, పద్నాలుగు వేల అయిదు వందలు కట్టి టీసీ తీసుకెళ్ళమని, ఆ డబ్బు పడ్డాక వెనక్కి ఇస్తామని చెప్పారు. మంగళవారమంతా తల్లీకూతుళ్ళకి దీని మీదే వాదన. తెగకుండానే బుధవారం పొద్దున్న బస్సెక్కారు. ఆ పూట దొరికిన గుడివాడ బస్సు బందరు మీదుగా వెళ్ళేది. బందరు బస్టాండులో మాధవి తల్లి చెయ్యి పట్టుకుని ఆపేసింది.

"ఇక్కడే దిగిపోయి ముందు ఫీజు కట్టేద్దామే. టీసీ సంగతి తరవాత చూద్దాం."

"టీసీ లేకుండా చేర్చుకుంటారా?"

"ఏమో. అడుగుదాం."

"వాళ్ళు తెమ్మంటే? అప్పుడు ముప్ఫై రెండు వేలు అక్కడుంటాయి, నువ్వు ఇక్కడుంటావు. సీటు మీద నీ పేరు పడిందా లేదా?"

"పడింది."

"అయితే ఇంకేంటే నీ భయం?"

ఎల్లమ్మ అలా అనడంలో ఆమె తప్పేం లేదు. ముప్ఫై ఏళ్ళుగా ఒడ్డున ఆమె చూసింది అదే. ఇసకలో చేపల కుప్పలు పోసి పాట పెడతారు. పాట దక్కించుకున్న మనిషి తన నెత్తి మీది చుట్టకుదురు తీసి ఆ కుప్ప మీద పడేస్తుంది. అంతే, ఆ కుప్ప ఆమెది. చేతిలో పైసా లేకపోయినా సరే, గంపకెత్తుకుని పోయి అమ్ముకుని సాయంత్రానికి డబ్బు తెచ్చిస్తుంది. సగమే తెస్తే మిగతా సగం మర్నాడు. చుట్టకుదురు పడ్డ కుప్పని ఇంకో మనిషి ముట్టుకున్నట్టు ఆ ఒడ్డున ఎవరూ వినలేదు. మాధవి పేరు ఫోన్‌లో సీటు ఎదురుగా కనిపించగానే ఎల్లమ్మకి అది కుప్ప మీద చుట్టకుదురు పడ్డట్టే తోచింది. సీటు ఎక్కడికీ పోదు, డబ్బు కాస్త అటూ ఇటూగా ఇచ్చుకోవచ్చు, చిక్కల్లా గుడివాడలో ఇరుక్కున్న కాగితంతోనే అనుకుంది. మాధవి చదువుకున్నదే. అయినా ముప్ఫై ఏళ్ళ బేరం ముందు ఆ పిల్ల తగ్గి తల్లి వెంట గుడివాడ వెళ్ళింది.

గుడివాడ కాలేజీలో గుమాస్తా శశిధర్ అనే కుర్రాడు. సన్నగా, నీరసంగా ఉన్నాడు. ఎల్లమ్మ చెప్పిందంతా విని, "నా చేతుల్లో ఏం లేదమ్మా" అన్నాడు.

"నీ చేతుల్లోనే ఉంది కద బాబూ, ఆ ఫైలు."

"ఫైలుంది. ఇచ్చే అధికారం లేదు."

"పోనీ పదివేలు తీసుకో. మిగతాది అమావాస్యకి."

శశిధర్ మాధవి వంక చూశాడు. మాధవి నేల వంక చూసింది. "అమ్మా, నాకు మూణ్ణెల్లుగా జీతమే లేదు. మీకు తగ్గించే శక్తి నాకుంటే ముందు నా జీతం ఇప్పించుకోనా?" అన్నాడా కుర్రాడు. దాంతో ఎల్లమ్మ బేరం ఆపేసింది. పద్నాలుగు వేల అయిదు వందలు లెక్కపెట్టి ఇచ్చి, టీసీ తీసుకుని, చీరకొంగుతో తుడిచి మరీ ప్లాస్టిక్ కవరులో పెట్టింది. వెళ్తూ వెళ్తూ, "పెళ్ళయిందా బాబూ?" అని కూడా అడిగింది. లేదన్నాడు. "అదే నయం" అంది.

టీసీ చేతికొచ్చేసరికి సాయంత్రమైపోవడంతో ఇంటికెళ్ళి, గురువారం పన్నెండింటికి యూనివర్సిటీ చేరారు. ఎండకి బాట తెల్లగా మెరుస్తోంది. అడ్మిషన్ల విభాగంలో బాలసరస్వతి గారనే ఆవిడ సూపరింటెండెంటు. కళ్ళజోడు ముక్కు చివరికి జారి ఉంది, ముందు రెండు బారుల పిల్లలు. ఎల్లమ్మ వంతు వచ్చేసరికి రెండు దాటింది. ముందు టీసీ తీసి బల్ల మీద పెట్టింది, గెలిచినట్టు. దాని మీద పద్దెనిమిది వేల అయిదు వందలు పెట్టింది.

"ఇదేంటమ్మా?"

"ఫీజండీ. సగం పైనే ఉంది. మిగతాది వచ్చే నెల్లో తెస్తాను. పేరు పడింది కదండీ."

బాలసరస్వతి గారు కళ్ళజోడు పైకి తోసుకున్నారు. "నగదు నేను తీసుకోకూడదు. సగం కట్టడం అసలు లేదు. మొత్తం ఒకేసారి పడితేనే కంప్యూటరు తీసుకుంటుంది. ఐదింటికి దానంతటదే మూసేస్తుంది."

"మీరు ఒక మాట చెప్తే..."

"నా మాట అది వినదమ్మా. నా వయసుకి నా కోడలే వినదు."

వెనక బారులో ఎవరో నవ్వారు. ఎల్లమ్మ నవ్వలేదు. "ఈ కాగితం కోసం నిన్న గుడివాడలో పద్నాలుగున్నర కట్టొచ్చానండీ, లేకపోతే మొత్తం ఉండేది" అంది.

"టీసీకా? అయ్యో, దానికి ఇరవై రోజులు గడువుందే. తెచ్చిస్తానని ఓ కాగితం రాసి సంతకం పెడితే సరిపోయేది. ముందు ఇక్కడికి రావాల్సింది కదమ్మా."

బందరు బస్టాండులో దిగుదామన్న మాట మాధవి మళ్ళీ ఎత్తిచూపలేదు. అందుకే ఎల్లమ్మకి ఎక్కువ కష్టమయింది.  తిట్టినా బాగుండేది.

బాలసరస్వతి గారు గడియారం చూసి, గొంతు తగ్గించి మాధవితో అన్నారు: "ఇది తీసుకెళ్ళి పక్క బ్యాంకులో నీ ఖాతాలో వేసెయ్. ఇంకాసేపైతే నగదు తీసుకోరు. మిగతా పదమూడున్నర ఎవరైనా ఫోన్‌లో వేస్తే, ఫోన్లోంచే మొత్తం కట్టెయ్యొచ్చు. ఎవరున్నారో చూసుకోండి."

ఎవరున్నారు? బ్యాంకులో డబ్బు వేసి బయట వేపచెట్టు కింద కూర్చున్నాక ఎల్లమ్మ ఆ లెక్క వేసుకుంది. చీటీ పాడేసింది. చెవులకి ఉన్నవి రోల్డ్‌గోల్డు. నాలుగు నెలలు అడగొద్దన్న మనిషి ఒక్కడే మిగిలాడు. మూడుంపావుకి ఫోను చేయించింది.

"బావగారూ, వల తీసేసుకోండి."

"ఏం వల?"

"మీ తమ్ముడి వల. మొన్న ఇచ్చిన పద్నాలుగుకి తోడు ఇంకో పదమూడున్నర పంపండి. ఇక వల మీదే."

అటు ఇంజను చప్పుడు. తరవాత పెద్దిరాజు గొంతు: "పిచ్చెక్కిందేంటే నీకు? నాకు వలల్లేకనా? రేపటినుంచి నువ్వు కూడా మనింటి పడవ చేపనే పాటలో కొనుక్కుంటావా?"

"కొనుక్కుంటాను."

"మాధవిని అడిగావా?"

ఎల్లమ్మ కూతురి వంక చూసింది. మాధవి మొహం అటు తిప్పుకుని ఉంది. "అడిగితే వద్దంటుందండీ" అంది ఎల్లమ్మ. "మీరు పంపండి. ఐదింటికి మూసేస్తారంట."

పెద్దిరాజుకి ఫోన్‌లో డబ్బు పంపడం రాదు. ఐసు కొట్టు దుర్గారావు దగ్గరికి సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి, నగదు అతనికిచ్చి పంపించాడు. నాలుగూ నలభైకి మాధవి ఫోను మోగింది. నాలుగూ యాభై రెండుకి ఫీజు పడింది. రసీదు ప్రింటు తీయించడానికి అయిదు రూపాయలు అడిగితే ఎల్లమ్మ బేరమాడకుండా ఇచ్చేసింది.

హాస్టలు దరఖాస్తు కూడా తీసుకోమన్నారు. మాధవి వద్దంది. రోజూ బస్సులో వచ్చిపోతానంది. పోను రెండు గంటల పైన, రాను రెండు గంటల పైన.

తిరుగు బస్సులో సీటు ఒక్కటే దొరికింది. మాధవి తల్లిని కూర్చోబెట్టి కడ్డీ పట్టుకుని నిలబడింది. బస్సు చల్లపల్లి దాటింది.

"నన్ను అడగాల్సింది" అంది మాధవి చివరికి.

"అడిగితే ఏమనేదానివి?"

"చదువు మానేస్తానని."

"అందుకే" అంది ఎల్లమ్మ. "ఈ రెండేళ్ళూ అయ్యాక ఏమవుతావే?"

"లెక్చరర్ అవ్వచ్చు. దానికి ఇంకో పరీక్ష ఉంటుంది. అది పాసైతే."

"అవకపోతే?"

"గుడివాడలో ఆ శశిధర్ గారు కూడా ఎమ్మెస్సీయేనంటమ్మా" అంది మాధవి.

 ఎల్లమ్మ పక్కన కూర్చున్న ముసలాయన్ని కాస్త జరగమని బతిమాలి, కూతురికి సగం సీటు చూపించింది. మాధవి దాని మీద ఒక వైపుగా కూర్చుని, మోపిదేవి రాకముందే తల్లి భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. ఎల్లమ్మ మాత్రం మేలుకునే ఉంది. తెల్లారి పాటలో ఏ కుప్పకి ఎంతదాకా వెళ్ళొచ్చో, చేతిలో బస్సు ఖర్చు పోను మిగిలిన డబ్బుతో చౌక చేపలైన కవళ్ళే వస్తాయో, ఖరీదైన కానాగంతలు కూడా వస్తాయో అని వేళ్ళు మడుస్తూ కూర్చుంది.