చివర ఎవరు?

భర్త పోయాక బాత్మాకు బిష్కెక్‌లోని ఆ రెండు గదుల్లో టీ కాచడం తప్ప పెద్దగా పనిలేదు. కూతురు నుర్జమాల్ ఇంట్లోనే కూర్చుని ఒక ఆస్పత్రికి ప్రోగ్రాం రాస్తుంది. ఆ ప్రోగ్రాం, చేరిన వరసలో ఉన్న రోగుల జాబితాను ఇరవయ్యేసి పేర్ల పేజీలుగా తెప్పించి, ఒక్కొక్కరికీ కబురు పంపాలి. నిన్న ఒక ముసలాయనకు కబురందక వైద్యం తప్పిపోయింది.

"మొదటి పేజీలోంచి ఒకరు తప్పుకుంటే వెనకాలవాళ్లంతా ముందుకు జరుగుతారమ్మా. నేనేమో ఇరవై మందిని వదిలేసి తర్వాతివాళ్లను అడుగుతాను. అలా మొదటి పేజీలోకి జరిగినాయన నా కంటబడడు," అంది నుర్జమాల్ కళ్లు నులుముకుంటూ.

"చదువుకున్నదానివే! వరసలో ఎవరైనా అంకె లెక్కపెడతారటే? మీ నాన్న మందుల కోసం నిలబడ్డన్నాళ్లూ 'చివర ఎవరు?' అని అడిగి, ఆ మనిషినే గుర్తుపెట్టుకునేదాన్ని."

"ఆ మనిషి వెళ్లిపోతేనో?"

"పోతే పోనీ. ఆ మనిషి తర్వాత వచ్చింది నేనే కదా."

నుర్జమాల్ ఇరవై మందిని వదిలేయమన్న ఆ లెక్క కొట్టేసి, తాను చదివిన ఆఖరి పేరు తర్వాత ఎవరని అడిగేలా రాసింది. మధ్యాహ్నానికి ముసలాయనకూ కబురు వెళ్లింది.

బాత్మా అలవాటుగా భర్త పియాలాలోనూ టీ పోసింది. నుర్జమాల్ ఈసారి వద్దనలేదు.