క్రేట్ల మీద నిలబెట్టిన జీపు

మా జీపు వెనక స్ప్రింగు కమాను చివర రబ్బరు బుష్షు అరిగిపోయి, గుంతలో పడినప్పుడల్లా ఎవరో సుత్తితో కొట్టినట్టు చప్పుడు చేసేది. మెకానిక్‌కి అర పూట పని. కానీ నా జీపు మీద ఇంకొకడి చెయ్యి పడితే నాకు నచ్చదు. దాన్ని వేలంలో కొన్న రోజు నుంచి ప్రతి నట్టూ నేనే విప్పాను, నేనే బిగించాను. మళ్లీ బిగించడం చేతకానివి కూడా నేనే విప్పాను. మా వాళ్లు దాన్ని పిచ్చి అనేవాళ్లు, నేను ఓపిక అని చెప్పుకునేవాణ్ణి. అది వట్టి పంతం.

జూన్ నెల, తోతాపురి మామిడి కోతలు. బంగారుపాళ్యం రోడ్డు మీద జ్యూస్ ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. మాకు మర్నాడు పొద్దునకి కాయ తోలే టోకెన్ వచ్చింది. మా తోట గుట్ట వాలులో ఉంటుంది. అక్కడికి ట్రాలీ ఎక్కదు, కాయను జీపులోనే కిందికి దించాలి. అందుకని సాయంత్రంలోగా బుష్షు మార్చేయాలని పట్టు పట్టాను. ఊళ్లో మగవాళ్లంతా ఫ్యాక్టరీల దగ్గర పడిగాపులు కాస్తున్నారు. ఇంటి దగ్గర ఉన్నది నేనూ, నా భార్యా.

మా చుట్టుపక్కల మామిడికాయల ప్లాస్టిక్ క్రేటు లేని ఇల్లు ఉండదు. కూర్చోవడానికి అదే, అటక ఎక్కడానికి అదే, కోడిపిల్లల్ని మూయడానికీ అదే. దాన్నిండా కాయ నింపి, ఒకదాని మీద ఒకటి ఎనిమిది వరసలు పేర్చినా అడుగుది చెక్కుచెదరదు. ఆ నమ్మకం మాకు చిన్నప్పటి నుంచీ ఉంది. నా జాకీకి ఆయిలు కారే జబ్బు. పది నిమిషాలకు మించి బరువు మోయదు. అందుకని జీపు వెనక భాగాన్ని జాకీతో లేపి, దాని అడుగు చట్రం, అదే ఛాసిస్ కింద రెండు క్రేట్లు బోర్లించి, పైన చెక్క పలక వేసి దాని మీద దించాను. చక్రం విప్పి, జాకీ తీసి పక్కన పెట్టాను. కాయల బరువు క్రేటు అంతటా పరుచుకుంటుందనీ, జీపు బరువు ఒక్కచోటే దిగుతుందనీ నాకు తట్టలేదు. పైగా ఆ క్రేట్లు ఎన్ని ఎండలు తిని పెళుసెక్కినవో. విప్పిన చక్రాన్ని ఛాసిస్ కింద పడుకోబెట్టాలన్నది ఈ పనిలో మొదటి పాఠం. నేను దాన్ని అడ్డంగా ఉందని వేపచెట్టుకు ఆనించి, వెల్లకిలా కిందికి దూరాను.

ఇక్కడ నా నోటి గురించి చెప్పాలి. జీపు కింద పడుకుంటే నా నోరు నా మాట వినదు. తుప్పు పట్టిన బోల్టును తిడతాను, దాన్ని బిగించినవాణ్ణి తిడతాను, అంటే నన్నే. కంట్లో మట్టి రాలితే భార్యను తిడతాను. పెళ్లయిన కొత్తలో నా కేక వినగానే పాపం పరిగెత్తుకొచ్చేది. "నిన్నెవురు రమ్మన్నారు? వెలుతురుకు అడ్డం, పో" అని కసిరేవాణ్ణి. నాలుగైదుసార్లు అయ్యాక ఒకరోజు కూర్చోబెట్టి, ఏదో ఘనకార్యం చేస్తున్నట్టు ఒక కట్టడి పెట్టాను. జీపు కింద నేను అరిచేదేదీ ఆమెను కాదు, పట్టించుకోవద్దు, రావద్దు. ఆమె సరేనంది. ఆ తర్వాత ఇరవై ఏళ్లు ఆ మాట తప్పలేదు.

ఆ మధ్యాహ్నం కిటికీ అవతల ఆమె కుట్టు మిషన్ ఆడుతోంది. ఊళ్లో ఆడవాళ్లకు రవికలు కుడుతుంది. నేను బోల్టు తలకు స్పానర్ తగిలించి బలంగా లాగాను. బోల్టు కదల్లేదు, జీపు కదిలింది. తలవైపు ఫెళఫెళమని ఏదో విరిగింది. చెయ్యి అడ్డం పెట్టుకునే లోపే చక్రం లేని బ్రేకు డ్రమ్ము నేలకు ఆనింది, ఛాసిస్ వచ్చి నా రొమ్ము మీద కూర్చుంది.

డ్రమ్ము అడ్డం లేకపోతే అక్కడికక్కడే పోయేవాణ్ణి. ఉన్నందువల్ల నెమ్మదిగా పోయేలా చిక్కుకున్నాను. ఎడమ చెయ్యి నడుము పక్కన ఇరుక్కుంది. కుడి చెయ్యి బయటే ఉన్నా దానికి అందేది మట్టి తప్ప ఏమీ లేదు. ఫోను సీటు మీద ఉంది. ఊపిరి వదలడానికి బాగానే వస్తోంది, తీసుకోవడానికే చోటు లేదు. సగం పీల్చేసరికి ఇనుము అడ్డం తగులుతోంది. ముక్కుకు జానెడు దూరంలో, నేనే పూసిన నల్ల రంగు పెచ్చులు లేచి కనబడుతోంది. నాకు భయమేసింది. అంత భయం అంతకుముందు ఎప్పుడూ ఎరగను.

"ఓమే!" అని అరిచాను. మిషన్ ఆగలేదు. "ఇట్ల రావే, నీకు సెవుడా!" అన్నాను. మిషన్ ఆడుతూనే ఉంది. గుడ్డ మూల తిప్పడానికి కాబోలు ఒకసారి ఆగింది. వచ్చేస్తోందనుకున్నాను. మళ్లీ మొదలైంది. నాకు ఒళ్లు మండిపోయింది. చావు వచ్చి మీద కూర్చుని ఉంటే అంత కోపం ఎక్కణ్ణుంచి వచ్చిందో. నోటికొచ్చినట్టు తిట్టాను. ఆమె పుట్టింటినీ కలిపి తిట్టాను. ఒక్కో తిట్టుకీ కాస్త ఊపిరి ఖర్చయ్యేది, తిరిగి అంత వచ్చేది కాదు. "సచ్చిపోతాండానే" అని కూడా అరిచాను. ఈసారి అది నిజమే, కానీ అప్పటికి అరుపు అరుపులా లేదు. తర్వాత పెదాలు కదిలాయి గానీ చప్పుడు రాలేదు. రోడ్డు మీద లారీ హారన్లు దూరంగా వినబడుతున్నాయి. కుడి చేత్తో మట్టిని గీరుతూ ఉండిపోయాను. ఎంతసేపో తెలియదు.

మిషన్ ఆగింది. ఈసారి మళ్లీ మొదలు కాలేదు. అరుగు దిగిన అడుగులు వినబడ్డాయి, ఆ తర్వాత జీపు పక్కన మోకాళ్ల మీద ఆమె.

కేక పెట్టలేదు, ఏడవలేదు. వంగి చూసి, "కడుపు మీద పడిందా, రొమ్ము మీదనా?" అంది.

"రొమ్ము... జాకీ..."

"మాట్లాడొద్దు. ఊపిరి దాసి పెట్టుకో."

జాకీ ఎక్కడ ఆనించాలో, మట్టిలోకి దిగబడకుండా దాని అడుగున బండ ముక్క వేయాలనీ ఎవరు చెప్పారని నేను ఆలోచించే లోపే ఆమె అవన్నీ చేసేసింది. వాల్వు బిగించింది. జాకీ పిడి కొట్టిన చప్పుడు ఇంత నిదానంగా ఉంటుందని నాకు తెలియదు. ఇనుము వేలెడు లేచింది. గాలి లోపలికి పోయింది. ఇంకో రెండు వేళ్లు లేచాక వేపచెట్టు దగ్గరి చక్రాన్ని దొర్లించుకొచ్చి ఛాసిస్ కింద తోసింది. తర్వాత నా కుడి చెయ్యి పట్టుకుని లాగింది.

వేపచెట్టు కింద కూర్చోబెట్టి నీళ్లు తాగించింది. గుటక వేస్తే పక్కటెముక దగ్గర పొడిచినట్టు ఉంది. మొదట నా నోట వచ్చింది ఇదీ: "అరిస్తే వినబడలేదా నీకు?"

"వినబడింది."

"మరి రాలేదే?"

"నువ్వే గదా రావద్దనింది. ఆడ అరిసేదేదీ నాకు గాదని సెప్పింటివి."

"సచ్చిపోతాండా అని కూడా అరిసినాను గదే."

"బోల్టు రాకుంటే సాలు, సచ్చిపోతాండా అంటావు. ఎన్నిసార్లని పరిగెత్తేది?" చెంగుతో నా మొహం మీది మట్టి తుడిచింది. "ఉన్నట్టుండి నోరు నిలిచిపోయె. జీపు కింద ఉండి నువ్వు గమ్మునుండేది నేనెప్పుడూ సూల్లేదు. అందుకే వచ్చినా."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. టోకెన్ నంబరు చెప్పినట్టు చెప్పింది. చిత్తూరు ఆస్పత్రికి ఆటో పిలుస్తానని ఫోను తీసుకుని లోపలికి వెళ్లింది.

నేను ఒక్కణ్ణే ఉన్నాను. ఆమె వచ్చి పక్కన కూర్చుంటే బాగుండుననిపించింది, చిన్నపిల్లాడిలా అనిపించింది. పిలవబోయి నోరు తెరిచాను. కేకేయకుండా ఆమెను ఎలా పిలవాలో నాకు తెలియలేదు. చెట్టు పట్టుకుని మెల్లగా లేచి, లోపలికి నేనే నడిచాను.