నూనె పోసినా జారని నేల

మా అత్తయ్యది ఉడుంపట్టు. ఆ సంగతి మావయ్యకు పెళ్లయిన కొత్తలోనే తెలిసింది. పెయింటరుకు మాత్రం షెడ్డు నేల దగ్గర తెలిసొచ్చింది.

మావయ్య కార్ల మెకానిక్. ఇంటి పక్క షెడ్డులోనే ఇంజనాయిలు మీద కాలు జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఎముక అతుక్కుంది గానీ భయం పోలేదు. చేతికర్రతో షెడ్డు గుమ్మం దాకా వచ్చి, నేలను చూసి వెనక్కి తిరిగేవాడు. నెలల తరబడి నోట మాట లేదు. అంత నోరున్న మనిషి అలా మూగగా కూర్చుంటే నాకే ఏడుపొచ్చేది.

"ఆయన మళ్లీ లోపల అడుగు పెట్టాలి. అంతే" అని అత్తయ్య నేలకు ఎపాక్సీ అనే గట్టి రంగుపూత వేయించడానికి సిద్ధపడింది.

పెయింటరు తళతళలాడే నేలల ఫొటోలు చూపించాడు. "మొహం చూసుకోవచ్చమ్మా!"

"నా మొహానికి ఇంట్లో అద్దముంది నాయనా. నాకు కాలు జారకూడదు. పూత మీద ఇసుక చల్లు."

"గరుగ్గా ఉంటుంది. ఊడ్వలేక చస్తారు."

"చస్తే నేను చస్తాలే, నువ్వు చల్లు."

ముందు అతను చెమ్మ ఉందేమో చూడ్డానికి నేల మీద ప్లాస్టిక్ కాగితం పరిచి చుట్టూ టేపు అంటించాడు. మర్నాడు తీస్తే అడుగంతా చెమ్మ! ఇప్పుడు పూత వేస్తే పొరలుగా లేచిపోతుందన్నాడు. చెమ్మ ఎక్కడిదా అని చూద్దుము గదా, అత్తయ్యే! మావయ్య పడ్డప్పటి నుంచీ జిడ్డు మిగలకూడదని రోజూ బకెట్లకొద్దీ నీళ్లు కుమ్మరించి కడుగుతోంది. నాకు ఒళ్లు మండింది.

"చాల్లే అత్తయ్యా, బకెట్ ఇటియ్యి!" అని లాక్కున్నాను.

ఆమె ఇక నీళ్లు పోయడం మానేసింది. జిడ్డు వదిలించే మందు పూసి, మోకాళ్ల మీద కూర్చుని గుడ్డతో తుడిచింది. ఫ్యాన్లు పెట్టి ఆరబెట్టింది. మళ్లీ పరిచిన కాగితం కింద చుక్క తడి లేదని తేలాకే పెయింటరును పిలిచింది. అతను నేలను మిషనుతో గీకి, పూత పూసి, అది పచ్చిగా ఉండగానే ఇసుక చల్లి, పైన ఇంకో పూత వేశాడు.

నేల గట్టిపడ్డాక మావయ్య గుమ్మంలో నిలబడ్డాడు. అత్తయ్య ఇంజనాయిలు డబ్బా ఎత్తి కొత్త నేల మీద భళ్లున పోసింది. పెయింటరు లబోదిబోమన్నాడు. ఆమె కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, ఆ నూనెలో ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, తిరిగి గుమ్మం దగ్గరకొచ్చి మావయ్యకు చెయ్యి చాపింది.

"రండి."

"పడితే?"

"పడితే ఇద్దరం పడదాం. రండి."

మావయ్య ఆ చెయ్యి పట్టుకుని అడుగేశాడు. ఇంకోటి వేశాడు. చెయ్యి వదిలేశాడు. కర్రను గోడకు ఆనించి, షెడ్డంతా కలియజూసి గొంతెత్తాడు.

"చూస్తూ నిలబడ్డారేం? నా షెడ్డులో ఈ నూనె ఎవరు తుడుస్తారు?"

అత్తయ్య కళ్లు తుడుచుకుంటూనే గుడ్డ కోసం పరిగెత్తింది.